ఇంకో డార్బీ

శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా డోనట్ల కొట్లో కిటికీ పక్క బల్ల దగ్గర వర్జిల్ గొంతు లేచిందంటే ఏప్రిల్ నెలాఖరు వచ్చిందని ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. అన్నేళ్ళూ కుక్కలకు భయపడి నోరు మూసుకుని తిరిగాడేమో, ఆ కసంతా ఇప్పుడు తీర్చుకుంటున్నాడు.

ముందురోజు సాయంత్రం, కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, రెండో రౌండులో వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ఫోల్క్స్ అనే కాలేజీ కుర్రాణ్ణి తీసుకుంది. చేత్తో ఆడే అమెరికా ఫుట్‌బాల్ అది, పరిగెడుతూ బంతి పట్టుకోవడం అతని పని. ఎవరూ పేరు వినని చిన్న కాలేజీ. పైగా అతని చెయ్యి, వేళ్ళన్నీ చాపితే, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎనిమిదిన్నర అంగుళాలేనట. ఆ ముక్క పేపర్లో చదివిన దగ్గర్నుంచి వర్జిల్‌ కడుపు మండిపోతోంది.

"ఎనిమిదిన్నర!" అంటూ తన చెయ్యి బల్ల మీద బార్లా చాపాడు. "డోరీన్, నీ సంచిలో టేపుంటుందిగా, కొలువు. అరవై ఎనిమిదేళ్ళ ముసలాణ్ణి, నాదే తొమ్మిదుంటుంది."

"ఉంటే ఏం లాభం? పొద్దున్నించి రెండుసార్లు కాఫీ ఒలకబోశావు," అంది డోరీన్.

డోరీన్ పాతికేళ్ళు బడి బస్సు నడిపింది. యాభై మంది పిల్లల గోల మధ్య పనిచేసిన మనిషికి వర్జిల్ ఒక లెక్క కాదు. చలికాలమంతా ఇంట్లో కూర్చుని, డ్రాఫ్టుకు వచ్చే కుర్రాళ్ళ ఆటలన్నీ ఒక్కటీ వదలకుండా చూస్తుంది. ఆవిడ నోట్లోంచి మాట ఊరికే రాదు.

"నాలుగేళ్ళలో వాడు వదిలేసిన బంతులు పదకొండు. పదకొండంటే పదకొండే. చేతులు చిన్నవైతేనేం, మెత్తటివి."

"మెత్తటివా? వాడేమన్నా స్వెట్టర్లు అల్లుతాడా? నలభై గజాలు పరిగెత్తడానికి నాలుగున్నర సెకన్లు దాటిపోయింది వాడికి. మా అత్తగారు నడవడానికి ఆసరాగా తోసుకెళ్ళే బండి అంతకంటే వేగంగా పోతుంది!"

"నీకు కనపడకుండా పారిపోవాలంటే ఎవరికైనా ఆ మాత్రం వేగం వస్తుంది."

వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని ఎల్విన్ నవ్వాడు. రెండేళ్ళుగా అతనికి వారంలో ఇష్టమైన పూట ఇదొక్కటే. భార్య పోయాక నగరంలో ఇల్లు ఖాళీ చేసి, కూతురికి దగ్గరగా ఉంటుందని సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాడు. మొదటి నెలంతా మనిషన్నవాడితో మాట లేదు. ఒక శనివారం కాఫీకని వచ్చి, పక్క బల్ల మీద జరుగుతున్న గొడవలో ఉండబట్టలేక ఒక మాట విసిరాడు. అంతే, కుర్చీ లాగి కూర్చోబెట్టారు. ఎల్విన్ అని చెప్పాడు. ఇంటిపేరు వాళ్ళు అడగలేదు, తను చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఆ మొదటి రోజే గోడ మీద కనపడింది.

బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో ఒక పెద్ద అట్ట వేలాడుతుంది. ఏటా కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ పేర్లన్నీ దాని మీద రాసి, ఎదురుగా ఎవరి మార్కులు వాళ్ళు వేస్తారు, పదికి ఇన్నని. మూడేళ్ళు గడిచాక ఎవరు సరిగ్గా చెప్పారో చూసుకుని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటారు. అయితే వర్జిల్‌కు బొత్తిగా నచ్చని కుర్రాడికి మార్కులుండవు. ఆ గడిలో నల్లటి అక్షరాలతో 'డార్బీ' అని రాస్తాడు. ఆ జట్టును ప్రేమించే ఏ ఊళ్ళోనైనా దానికి అర్థం అడగక్కర్లేదు. పదమూడేళ్ళ కిందట రెండో రౌండులో వచ్చిన డెస్మండ్ డార్బీ, మొదటి ఏడాదే, గెలిస్తే ముందుకు పోయే ఆటలో, చివరి నిమిషంలో, తిన్నగా గుండెల మీదకొచ్చిన బంతిని వదిలేశాడు. మరుసటి ఏడాది ఆఖర్లో జట్టు అతన్ని తీసేసింది. మనిషి ఆట వదిలి వెళ్ళిపోయాడు, పేరు మిగిలింది.

ఆ డెస్మండ్, ఎల్విన్ కొడుకు.

మొదటి రోజే చెప్పేయాల్సింది. చెబితే కుర్చీ పోతుందేమోనని భయపడ్డాడు. తర్వాత చెబుదామంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం. అలా రెండేళ్ళు, వర్జిల్ "ఇంకో డార్బీ" అన్నప్పుడల్లా ఎల్విన్ కప్పులోకి చూస్తూ కాఫీ కలుపుతూ కూర్చున్నాడు. అతను కాఫీలో పంచదార వేసుకోడు.

"అయిపోయింది," అంటూ వర్జిల్ లేచి అట్ట దగ్గరకు నడిచాడు. "ఆ ఎనిమిదిన్నరకి ఇంకేం ఇవ్వను? ఇంకో డార్బీ!" ఫోల్క్స్ పేరుకు ఎదురుగా రాసి, కింద గీత కూడా గీశాడు.

ఎల్విన్ గడియారం చూసుకున్నాడు. ఇంకో పది నిమిషాల్లో డెస్మండ్ వస్తాడు. రెండు గంటలు కారు నడుపుకుంటూ, కూతురి ఇంట్లో మనవరాలి పుట్టినరోజుకు తనను తీసుకెళ్ళడానికి వస్తున్నాడు. రాత్రి ఫోన్లో, "నీ స్నేహితులను చూడొచ్చా నాన్నా?" అని అడిగాడు. "ఎందుకురా, ఆలస్యమైపోతుంది. బయట హారన్ కొట్టు, నేనే వస్తాను," అన్నాడు ఎల్విన్. అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత, సరే అన్నాడు.

పది నిమిషాలు కాలేదు, కిటికీ అవతల నీలం రంగు కారు వచ్చి ఆగింది. హారన్ మోగలేదు. అంత పొడుగు మనిషీ ఆ చిన్న కార్లో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, కొట్టు తలుపు వైపు చూస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్ళొచ్చినా, బడి వదిలాక తండ్రి కోసం ఎదురుచూసే పిల్లవాడిలాగే ఉన్నాడు.

"అదుగో, మీవాడేనా?" డోరీన్ మెడ చాచి చూసింది. "లోపలికి రమ్మను. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నాడే."

"వద్దులే, తొందరలో ఉన్నాం."

"డోనట్ తినడానికి ఎంతసేపయ్యా? రెండేళ్ళ నుంచీ మావాడు, మావాడు అంటున్నావు, మాకు చూపించవా?" అన్నాడు వర్జిల్. "ఏం, మేమంటే నామోషీనా?"

ఆ మాటతో ఎల్విన్‌కి తల కొట్టేసినట్టయింది. నామోషీ వీళ్ళను గురించి కాదు. కన్నకొడుకును గురించి. ఎవరో గోడ మీద రాసిన మాటకు తలొంచి, తన బిడ్డను తనే వాకిట్లో నిలబెట్టాడు. ఆ సంగతి తనకిప్పుడు తెలిసింది కానీ, రాత్రి ఫోన్లో ఆ ఒక్క క్షణంలో వాడికి అప్పుడే తెలిసి ఉంటుంది.

"వర్జిల్," అన్నాడు. కప్పు పక్కకు జరిపాడు. మళ్ళీ అన్నాడు. "వర్జిల్, నా పేరు ఎల్విన్ డార్బీ. ఆ కార్లో ఉన్నవాడు డెస్మండ్. నా కొడుకు."

వర్జిల్ కారును చూశాడు, గోడ మీద అట్టను చూశాడు. డోరీన్ చేతిలో ఉన్న డోనట్ పళ్ళెంలో పెట్టేసింది.

"ఎల్విన్, నేను... నువ్వు ఒక్క ముక్క చెబితే..."

"చెప్పాల్సింది. నా తప్పే," అని ఎల్విన్ లేచి బయటకు నడిచాడు.

డెస్మండ్ అద్దం దించాడు. "రెడీనా?"

"దిగు. లోపలికి పోదాం." ఎల్విన్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ముందే చెబుతున్నాను. లోపల గోడ మీద నీ పేరు ఉంది. మంచికి రాసింది కాదు."

"అది కొత్త సంగతేం కాదుగా నాన్నా."

"నువ్వు నా కొడుకువని వీళ్ళకు రెండేళ్ళుగా చెప్పలేదు. ఇప్పుడే చెప్పాను."

డెస్మండ్ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. "అందుకేనా హారన్ కొట్టమన్నావు?"

"అందుకే."

ఎల్విన్ కళ్ళు తిప్పుకోలేదు. ఇంకేం చెప్పినా సాకే అవుతుందని ఊరుకున్నాడు. డెస్మండ్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"డోనట్లు బాగుంటాయా?"

"మేపుల్ పాకం వేసినవి బాగుంటాయి," అన్నాడు ఎల్విన్.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి వర్జిల్ అట్టకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి, గోడకు అంటుకుపోయి ఉన్నాడు. పాపం, దేవుడు అతనికి అయిదడుగుల నాలుగంగుళాలే ఇచ్చాడు. డెస్మండ్ అతని తల మీదుగా తాపీగా చదువుకున్నాడు.

"ఈసారి నా పేరు ఎవరికి ఇచ్చారండీ?"

"అది... అది పాతది బాబూ."

"సిరా ఇంకా తడిగానే ఉంది. మీ చొక్కా చేతికి కూడా అంటింది."

డోరీన్ పకపకా నవ్వేసింది. నవ్వి, నాలుక్కరుచుకుని, పక్క కుర్చీ లాగింది. "కూర్చో నాయనా. ఫోల్క్స్‌కి ఇచ్చాడు. వీడికి బుద్ధి లేదు."

"ఫోల్క్స్ చేతులు మంచివి. బంతి కోసం ఆత్రపడడు, దాన్ని రానిస్తాడు," అన్నాడు డెస్మండ్ కూర్చుంటూ. "నేను ఆత్రపడేవాణ్ణి. వాడు నాలా కాడు."

కొడుకు ఇంకా ఆటలు చూస్తున్నాడని ఎల్విన్‌కి తెలియదు. పదకొండేళ్ళుగా ఇద్దరూ వాన గురించీ, కారు టైర్ల గురించీ మాత్రమే మాట్లాడుకుంటూ వచ్చారు.

వర్జిల్ గోడను వదిలి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. క్షమించమనడం చేతకాని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా అంచు నలుపుకుంటూ ఏదో వెతుక్కున్నాడు, చివరికి దొరికినట్టుంది.

"నీ రెండో ఏడు. డిసెంబరు," అన్నాడు. "మంచు ఎంతలా పడిందంటే గీతలు కనపడక పారలతో తోశారు. స్కోరు ముప్ఫై ఒకటి, మూడు. మనకి మూడు. జనం సగం పైన వెళ్ళిపోయారు. నేను చివరి నిమిషం దాకా కూర్చునే మూర్ఖుణ్ణి, ఉండిపోయాను. అప్పుడు నువ్వొకటి పట్టావు."

డెస్మండ్ కుర్చీలో ముందుకు వంగాడు.

"ఓడిపోయిన ఆట కదా, ఎవడూ చెప్పుకోలేదు. పేపర్లో ఒక్క ముక్క రాయలేదు. నేనైతే నలభై ఏళ్ళలో అలాంటిది చూడలేదు. దేవుడి తోడు. పడితే పొగడటం రాదు నాకు, వదిలితే తిట్టడం వచ్చు. అదీ నా రోగం."

"అది మీకు గుర్తుందా?" అన్నాడు డెస్మండ్. ఎల్విన్ వైపు తిరిగాడు. "అది పట్టాక నేను నీ సీటు వైపు చూశాను నాన్నా. మంచులో సరిగ్గా కనపడలేదు కానీ, నువ్వు లేచి నిలబడి చేతులు ఊపుతున్నావు. ఆ ఏడాది మొత్తంలో నాకు మిగిలింది అదొక్కటే."

ఎల్విన్ అలవాటుగా కప్పులోకి చూశాడు. ఊరుకుంటే సరిపోతుంది. పదకొండేళ్ళుగా వాడు దాచుకున్న బంగారం అది, ఎందుకు లాక్కోవాలి? కానీ ఊరుకోవడం ఎంత చేసిందో ఇందాకే చూశాడు.

"అది నేను కాదురా," అన్నాడు. "నువ్వా బంతి వదిలేశాక జనం నిన్ను అనే మాటలు వినలేక రావడం మానేశాను. వస్తున్నానని నీతో అబద్ధం చెప్పాను. నా టికెట్టు రేవులో నాతో పనిచేసే అతనికి ఇచ్చేవాణ్ణి. నువ్వు చూసింది అతన్ని. ఆ క్యాచ్ నేను చూడలేదు."

డెస్మండ్ తన పెద్ద చేతులను చూసుకున్నాడు. ఎల్విన్ ఏ మాటకైనా సిద్ధపడి కూర్చున్నాడు.

డెస్మండ్ తలెత్తి వర్జిల్‌ని చూశాడు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు. "మా నాన్న చూడలేదట. మొదట్నించీ చెప్పండి."

వర్జిల్ మామూలుగా చెప్పే రకమా! రెండు కుర్చీలు పక్కకు తోశాడు. కౌంటరు వైపు గీత, తలుపు వైపు గీత అని చూపించాడు. "ఇదిగో, ఇతను ఇక్కడ. అవతలి జట్టువాడు, ఆ ఏనుగంతవాడు, ఇతని భుజం మీద ఎక్కి కూర్చున్నాడు. బంతి వెనక నుంచి వస్తోంది, తల మీదుగా. ఇతను వెనక్కి తిరగనే లేదు! పరిగెడుతూనే కుడి చెయ్యి ఇలా..."

"ఎడమ," అన్నాడు డెస్మండ్. "కుడి చెయ్యి వాడు పట్టుకుని లాగుతున్నాడు."

"ఎడమ చెయ్యి! ఒక్క చెయ్యి! చూడకుండా ఇలా చాచాడు!" వర్జిల్ నెరిసిన తల వెనక్కి వాల్చి, ఎడమ చెయ్యి చాచి, డోనట్ల కౌంటరు ముందు మూడడుగులు పరిగెత్తాడు. కాఫీ కోసం వరసలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. "మంచులోంచి వచ్చి ఈ వేళ్ళ కొసల్లో పడింది. పడి, ఆగింది! ఇద్దరూ బోర్లా పడ్డారు. మంచు లేచింది, ఏమీ కనపడలేదు. అప్పుడు ఆ తెల్లటి దాంట్లోంచి చెయ్యి ఒక్కటే పైకి లేచింది, బంతితో సహా..."

ఎల్విన్ కుర్చీ వెనక్కి పడింది. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. రెండు చేతులూ పైకెత్తి, డెబ్బై ఒక్క ఏళ్ళ గొంతు చిరిగిపోయేలా, "పట్టాడు! మావాడు పట్టాడు!" అని కొట్టంతా దద్దరిల్లేట్టు అరిచాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా చెయ్యి దించలేదు.

డెస్మండ్ అటు తిరిగి చూశాడు. ఈసారి అక్కడ లేచి నిలబడ్డది వాళ్ళ నాన్నే.