నేను మోగలేదట

నేను ఒక కంచు గంటను. గుప్పిట్లో ఇమిడేంత చిన్నదాన్ని. నాలో ఉన్నదల్లా గొంతే, అది తీసేస్తే బోర్లించిన గిన్నెకీ నాకూ తేడా ఉండదు. ఈ మధ్య ఒక ఫోను ఆ గొంతే తీసేసింది. అందుకే ఈ మంట.

బుడితిలో ఒక కంచరి నన్ను పోతపోసి, చెవి దగ్గర మోగించి చూసుకుని, నచ్చక మళ్లీ మళ్లీ అరగదీశాడు. నన్ను మొదట కొన్నవాడు విజయనగరంలో పీచుమిఠాయి అమ్మే సింహాచలం. నా మోత వింటే పిల్లలు అన్నం కంచాలు వదిలేసి వీధిలోకి పరిగెత్తేవారు, తల్లులు నన్ను తిట్టిపోసేవారు. తిట్టారంటే విన్నట్టే కదా, నాకు అదే చాలు. మోకాళ్లు సహకరించక వ్యాపారం మానేసినప్పుడు సింహాచలం నన్ను జగన్నాథం మాస్టారి చేతిలో పెట్టాడు.

"ఒట్టుకెల్లండి మాస్టారూ, దీని గొంతు వీది సివరికీ ఇనిపిస్తాది," అన్నాడు.

మాస్టారు అవధానాల్లో గంట కొట్టే పృచ్ఛకుడు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు పనిగట్టుకుని అడ్డదిడ్డపు ప్రశ్నలు వేస్తారు. అవధాని అందరికీ పద్యాల్లో జవాబు చెబుతూనే, మధ్య మధ్య నేను ఎన్నిసార్లు మోగానో మనసులో లెక్కపెట్టుకుని చివర్న చెప్పాలి. ఎంత గొప్ప పండితుడైనా నేను మోగగానే ఒక్క క్షణం ఉలిక్కిపడేవాడు. ఆ రోజులే వేరు.

తర్వాత సభలు ఫోన్లోకి వెళ్లిపోయాయి. మొహాలు కనబడవు, గొంతులే. మొదట్లో అందరూ ఒకేసారి అరిచేవారు. అప్పుడు మ్యూట్ అన్నారు. దాంతో మ్యూట్ తీయడం మరిచిపోయి అరగంట ఉపన్యసించినవాళ్లు తయారయ్యారు. తర్వాత చెయ్యెత్తే బొమ్మ వచ్చింది, చప్పట్లు కొట్టే బొమ్మ వచ్చింది. ఒంటివేలితో చప్పట్లు కొట్టే ఘనత మనుషులకే దక్కింది! అయినా ఓర్చుకున్నాను. కుక్కర్ కూతల మధ్య, కుక్కల అరుపుల మధ్య నేనూ వినబడేదాన్ని.

ఇంతలో మాస్టారి ఫోను కొత్త తెలివి నేర్చుకుంది. మనిషి గొంతు తప్ప తక్కినదంతా గోల అని తనంతట తానే చెరిపేస్తుందట. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే హైమవతి మొదటి అవధానం వచ్చిపడింది. ఆమె జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. వేదిక మీద అవధానం చేస్తానని ఈ సభలు జరిపే సాహితీ సమితిని ఏళ్ల తరబడి అడుగుతోంది. సమితి అధ్యక్షులు విశ్వపతి గారు ఎప్పుడూ "చూద్దాం లేమ్మా" అనేవారు. ఈసారి మాత్రం, "ముందు ఫోన్లో చెయ్యి. ఎనిమిదంశాల్లో ఒక్కటి తప్పినా వేదిక మాట ఎత్తకూడదు," అన్నారు.

ఆ పిల్ల ఎంత బాగా చేసిందనుకున్నారు! అడ్డదిడ్డపు ప్రశ్నలు వేసే ఆయన నోరు మూయించింది, పద్యాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పింది. మాస్టారు మురిసిపోతూ సమయం చూసి నన్ను మోగించారు. ఇక మిగిలింది నా లెక్కే.

"ముందు శ్రోతలు చెప్పండి, గంట ఎన్నిసార్లు మోగింది?" అన్నారు విశ్వపతి గారు.

చాట్‌లో ఎవరో "ఏడు" అని రాశారు. ఆ వెనకే ఇంకొకరు ఏడు, మరొకరు ఏడు. ఒక పెద్దమనిషైతే "స్పష్టంగా ఏడు" అన్నాడు. అవన్నీ హైమవతి ఫోన్లోనూ కనబడుతున్నాయి. ఏడు అనేస్తే గొడవ వదిలిపోయేది.

"నాకు ఒక్కసారి కూడా వినబడలేదండీ," అంది.

నవ్వే బొమ్మలు వరస కట్టాయి. "అయితే తప్పినట్టేనమ్మా. వేదిక సంగతి మరిచిపో," అన్నారు విశ్వపతి గారు, ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆగండాగండి," అన్నారు మాస్టారు. "నేను కొట్టింది నాలుగే. ఏడెక్కడివి?"

విశ్వపతి గారు అడ్డుపడ్డారు.

"అయితే ఇప్పుడోసారి కొట్టండి, చూద్దాం."

మాస్టారు నన్ను ఫోను మూతికి ఆనించి మరీ ఊపారు.

"ఊఁ, కొట్టండి మాస్టారూ."

"కొడుతూనే ఉన్నానండీ బాబూ! చెయ్యి లాగేస్తోంది!"

అప్పుడర్థమైంది అందరికీ. "స్పష్టంగా ఏడు" పెద్దమనిషి సభలోంచి మాయమయ్యాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ జారుకున్నారు. విశ్వపతి గారు చాలాసేపు దగ్గి, "లెక్క... సరే, ఉన్నమాట చెప్పింది కాబట్టి నెగ్గినట్టే. వచ్చే ఉత్సవంలో వేదిక నీదేనమ్మా," అన్నారు.

అటు హైమవతి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇటు మాస్టారికి కళ్లు నిండి మాట పెగల్లేదు. నన్నందుకుని, ఆ పిల్ల కోసం, ఎన్నడూ లేనంత గట్టిగా మోగించారు. నేనూ ప్రాణం పెట్టి మోగాను.

"మాస్టారూ," అంది హైమవతి, "ఏమీ మాట్లాడరేం? మీకు కోపం వచ్చిందా?"