సుగ్రాబీ చెవిలో దోమ

సోమవారం సాయంత్రం దంచి నానబెట్టిన వేపపలుకులనూ సీతాఫలం గింజలనూ సుగ్రాబీ మంగళవారం పొద్దున్నే పాత గుడ్డలో వేసి పిండుతుంది. ఆ రసంలో చిటికెడు సబ్బుపొడి కలిపి, కూల్‌డ్రింకు సీసాల్లో నింపుకుని ఆదోని బస్టాండుకు నడుస్తుంది. ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని, "అమ్మా, నీ సంచి వాసనకు గూడా టికెట్ కొట్టాల" అంటాడు. ఆమె నవ్వేసి కిటికీ పక్కన కూర్చుంటుంది. తాగే నీళ్ళలో ఆ రసం పోయకూడదు. ఊరికే నిలిచిన నీళ్ళలో పోస్తే, దోమలు కాబోయే పురుగులన్నీ మరునాటికి కదలకుండా తేలతాయి.

ఎక్కడ పోయాలో దోమలే ఆమెకు చెబుతాయి. మన చెవుల్లో గుయ్యిమనే దోమ ఆమె చెవిలో మాట్లాడుతుంది. పుట్టింటికి వచ్చిన కూతురిలా, గుడ్లు ఎక్కడ పెట్టిందో చెప్పుకుంటుంది. ఇది ఎవరికీ వింత కాదు. ఒకరికి నాడి తెలుస్తుంది, ఒకరికి బోరులో నీళ్ళు పడే చోటు తెలుస్తుంది, సుగ్రాబీకి దోమల మాట తెలుస్తుంది. ఆమెకు మాత్రం లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. నమ్మి చెప్పినదాని పిల్లలనే చంపుతున్నాను కదా అని.

ఆ వారం ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో మూడిళ్ళలో డెంగీ జ్వరం. నాలుగో ఇల్లు హంపమ్మది. ఆమె ఇంట్లో నేసిన తువ్వాళ్ళను ఇరవై ఏళ్ళు ఆదోనిలో ఇల్లిల్లూ తిరిగి అమ్మింది సుగ్రాబీయే. హంపమ్మ కోడలు రజినికి ఇప్పుడు ఏడో నెల. ఇంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు.

సుగ్రాబీ గడపలో కాలు పెట్టగానే హంపమ్మ అడ్డం వచ్చింది.

"అక్కా, నీకు దండం పెడతా. కాన్పయ్యేదాకా నా ఇంట్లో ఆ రసం వద్దు. కడుపుతో ఉండే పిల్ల ఉన్నప్పుడు ఇంట్లో ప్రాణం తీయగూడదు. నా కొడుకు బాలు టెంకాయ కొట్టేది గూడా మానేసినాడు."

"జ్వరమొస్తే లోపలుండే ప్రాణం సంగతేంది, హంపమ్మా?"

"దోమతెర కట్టినాం. తొట్టి బోర్లించినాం. యాడా సుక్క నీళ్ళు నిలబడనీలేదు."

అది నిజమే. అయినా పట్టపగలే ఇంట్లో దోమలు తిరుగుతున్నాయి. చాప మీద కూర్చున్న రజిని మణికట్టు మీద ఒకటి వాలింది. కొట్టబోయి చెయ్యెత్తిన రజిని, అత్త మాట గుర్తొచ్చి, చెయ్యి దించి ఉఫ్‌మని ఊదింది. దోమ లేచి సుగ్రాబీ చెవి దగ్గరికి వచ్చింది. వింటున్నకొద్దీ సుగ్రాబీ ముఖం మారిపోయింది.

"ఏమంటాండాది పెద్దమ్మా?" అడిగింది రజిని.

"శంకరన్న మగ్గం గుంటలో గుడ్లు పెట్టినాదంట. పురుగులు గూడా అయినాయంట."

శంకరన్న హంపమ్మ మొగుడు. ఆయన పోయి ఏడాది. అప్పటి నుంచి ఆయన కాళ్ళు పెట్టుకుని నేసిన గుంటను పలకలతో మూసి, ప్రతి శుక్రవారం హంపమ్మ ఆ పలకలు బిందెడు నీళ్ళతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి దీపం ముట్టిస్తుంది. పలకల సందుల్లోంచి ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఎవరూ ఆలోచించలేదు. కొడుకు బాలు పలక ఎత్తి చూస్తే, అడుగున జానెడు తేట నీళ్ళు, నీళ్ళ నిండా కొట్టుకుంటున్న పురుగులు.

హంపమ్మ గుంట అంచున కూర్చుని లోపలికి చూసింది. "మూడిళ్ళలో మంచం పట్టినారు. నా పూజతో నేనే పెంచినానా అక్కా!"

"నీళ్ళు ఎత్తిపోద్దామా?" అన్నాడు బాలు.

"ఎత్తిపోసినా సస్తాయి నాయనా. గుడ్లు మాత్రం గోడకే అంటుకోనుంటాయి, మళ్ళా నీళ్ళు తగిలితే పురుగులైతాయి" అంది సుగ్రాబీ. అంతలో దోమ మళ్ళీ చెవిలోకి వచ్చింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకుని, అది చెప్పిన మాట చెప్పినట్టు పైకి చెప్పింది.

"నేను ఈ గుంటలోనే పుట్టినా. ఈ పిల్ల రక్తం తప్ప ఇంకొకరిది తాగలేదు. ఎన్నిసార్లు వాలినా చెయ్యెత్తింది, దించింది. నా పిల్లలు ఆ రక్తంతోనే అయినారు. వాళ్ళు లేస్తే పక్కిండ్ల జ్వరం తెచ్చి ఈమెకే పెడతారు. నీ సీసాలో ఏముందో తెలిసే సెప్తాండా. ఆ రసం పొయ్యి."

రజిని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఏడ్చింది. హంపమ్మ లేచి సుగ్రాబీ చేతిలోని సీసా తీసుకుంది.

"తల్లే అడిగినాక నేనెవురక్కా వద్దనేదానికి" అని, దోమ వైపు తిరిగి దండం పెట్టి, గుంట గోడల వెంబడి తానే రసం పోసింది. అంతా అయ్యేదాకా దోమ మగ్గం పడుగు దారాల మీద కూర్చుని చూసింది. తర్వాత అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

నాలుగో ఇంటికి జ్వరం రాలేదు. వీధిలో మంచం పట్టినవాళ్ళు కూడా తేరుకున్నారు. నెలలు నిండి రజినికి ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా, వీధి చివరికి వినబడేంత గొంతుతో. హంపమ్మ పాపను తెచ్చి ముందు సుగ్రాబీ ఒళ్ళోనే పెట్టింది. సుగ్రాబీ గుండె నిండిపోయింది. ఆ దోమ కోసం దువా చేద్దామని చేతులు ఎత్తింది కానీ, దానికి ఏ పేరు చెప్పాలో తెలియలేదు.

"అల్లా," అంది చివరికి, "ఆమెను గూడా తల్లుల్లోనే కలుపుకో."