వేలెడు కుట్టు

కటింగ్ మాస్టర్‌కి పొద్దున్నే కత్తెర పదును చూసుకోవడం అలవాటు. ఒక పాత గుడ్డపీలిక కత్తిరిస్తాడు, అంచు చూస్తాడు, పెళ్ళాం మీద ఓసారి విసుక్కుంటాడు, అప్పుడుగానీ కాఫీ ముట్టడు. పనిచేస్తున్న దుకాణం మూతపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు, ముఖ్యంగా విసుక్కోవడం. అలాంటి మనిషికి ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చిపడ్డాయి.

మొదటిది పక్కవీధిలో, బడి యూనిఫాంలు కుట్టే దుకాణం. ఇంట్లో తుమ్మితే అక్కడ వినపడేంత దగ్గర. కాకపోతే ఈ ఏడు ఏ లాగు కత్తిరిస్తాడో చచ్చేదాకా అదే లాగు. రెండోది ఊరికి అవతలి కొసన, నాటకాలకీ సినిమాలకీ దుస్తులు తయారుచేసే కంపెనీ. ఒక బస్సు, ఒక రైలు, మళ్ళీ ఇంకో బస్సు. పనితనం చూపిస్తే మాత్రం కటింగ్ విభాగం మొత్తానికీ పెద్ద అవుతాడు.

పొద్దుటి రైల్లో నీడల్ని ఎక్కనివ్వరు. మనుషులకే ఊపిరాడదు, నీడలకి చోటెక్కడ? దూరపు ఉద్యోగాలవాళ్ళంతా నీడని ఇంట్లో వదిలి వెళ్తారు. ఎదురింటి గుమాస్తా నీడ రోజూ మొక్కలకి నీళ్ళు పోస్తూ కనిపిస్తుంది.

"పక్కవీధిలోనే చేరండి," అంది భార్య. "చీకటి పడకముందే ఇంటికొస్తారు. బుడ్డిది మీ మొహం మర్చిపోకుండా ఉంటుంది."

"బతుకంతా లాగులు కత్తిరించమంటావా? పిల్లలు పెరుగుతారని అడుగున ఇంతింత మడత వదలడం, అదీ ఒక పనేనా? అక్కడ కొలతంటే కొలతే. ఒంటికి అతికినట్టుండాలి."

"దూరపు కొండలు నునుపండీ."

"దగ్గరి గోడలు రోజూ చూస్తున్నాలే," అన్నాడు.

మర్నాడు వాకిట్లో ఎండలో నిలబడి తన నీడని తనే కత్తిరించుకున్నాడు. ఎంతైనా పనివాడు కదా, గుమాస్తాలా చేతికందినచోట తెంపెయ్యలేదు. మళ్ళీ అతకడానికి వీలుగా వేలెడు కుట్టు వదిలాడు. ఆదివారం కుట్టమనీ, సోమవారం పొద్దున్నే విప్పమనీ భార్యకి చెప్పి బస్సెక్కాడు.

కొన్నాళ్ళు అలాగే జరిగింది. వారమంతా నీడే బుడ్డిదాన్ని బడికి తీసుకెళ్ళేది. సాయంత్రం లెక్కలు చేయిస్తూ పక్కన కూర్చునేది. పిల్ల లెక్క తప్పితే, "ఈపాటిది రాదా, మొద్దూ!" అని నెత్తిన మొట్టేది కాదు. తప్పిన చోట వేలు పెట్టి, పిల్ల దిద్దుకునేదాకా ఆగేది.

కంపెనీలో అతని పనితనం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. రాజుల అంగీలు, సేనాపతుల కోట్లు, అన్నీ అతని కత్తెర కిందికే వచ్చాయి. క్రమంగా ఆదివారాలు కూడా రమ్మన్నారు. నిజం చెప్పాలంటే అతనేం బాధపడలేదు. అక్కడే ఓ మూల గది ఇస్తే పడుకోవడం కూడా మొదలుపెట్టాడు.

విభాగానికి పెద్దయిన వారం, బుడ్డిదానికి తన చేత్తో కత్తిరించిన గౌను పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మీరా! కూర్చోండి," అంది భార్య, దూరపు చుట్టాన్ని పలకరించినట్టు.

గౌను పిల్ల భుజాల దగ్గరే ఆగిపోయింది. విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డే లేదు. అతనికి గుర్తున్న కొలతకి సరిగ్గా కత్తిరించాడు మరి.

"పట్టట్లేదండీ," అంది బుడ్డిది. కన్నకూతురు తనని 'అండీ' అంటోంది!

"పోనీలే. నీడని పిలువు, కుట్టించుకుంటాను. ఇకనుంచి ఆదివారాలు ఇంట్లోనే ఉంటా," అన్నాడు భార్యతో.

ఆమె తలెత్తలేదు. "ఆ వేలెడు ముక్క కాళ్ళకి అడ్డం పడి తూలుతోందండీ పాపం. కత్తిరించేశాను."

"నన్నడక్కుండానా?"

"అడుగుదామంటే మీరుంటేగా! అది ఒక్కసారి కూడా కేకలెయ్యలేదండీ," అంది.

"ఇప్పుడెక్కడ చచ్చింది?"

"పక్కవీధి దుకాణంలో చేరింది. వచ్చేవేళయింది."

దండెం మీద బుడ్డిదాని బడి గౌను ఆరుతోంది. అతను లేచి దాని అంచు తిరగేశాడు. అడుగున ఇంతేసి మడత. అచ్చం తన చేతి కోతే. పిల్ల ఇంకా రెండేళ్ళు పెరిగినా సరిపోతుంది.

చీకటి పడకముందే నీడ వచ్చింది. బుడ్డిది పరిగెత్తుకెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఈయన చాలా దూరం వెళ్ళాలట. బస్సు దాకా దిగబెట్టి వచ్చెయ్, లెక్కలున్నాయి."

వెళ్తానని అతను అనలేదు. భార్యకేసి చూశాడు. ఆమె పట్టని గౌనుని మడతపెట్టి, సంచిలో పెట్టి చేతికిచ్చింది.

నీడ ఆ సంచి తను అందుకుని అతని పక్కనే నడిచింది. బస్సు రాగానే సంచి అందించి, గబగబా వెనక్కి తిరిగింది.

ఆదివారం సాయంత్రం కాబట్టి రైలు దాదాపు ఖాళీగా ఉంది. అతని పక్కన బోలెడంత చోటు మిగిలింది.