ఉప్పుగని కింద

వీడియో గేముల్లో నేలకు లోతు ఉండదు. ఈ మాట చెబితే మా వదిన మొదట నమ్మలేదు.

"మరి ఆ కొండలూ లోయలూ?" అంది.

"దుప్పటి పరిచి, కింద నుంచి చెయ్యి పెట్టి లేపితే కొండ. పైనుంచి నొక్కితే లోయ. అంతే వదినా. దుప్పటి కింద ఏమీ ఉండదు."

"బావి తవ్వాలంటే?"

"తవ్వలేం. దుప్పటికి కన్నం పెట్టి, బావిని విడిగా కట్టి, తెచ్చి ఆ కన్నం కింద అతికించాలి. అతుకు కనపడకుండా చుట్టూ రాళ్లు పేర్చాలి."

"ఓహో, అందుకా ఆఫీసులో నిన్ను ఎలుక అంటారు!" అని పడీ పడీ నవ్వింది. నవ్వు సగంలో ఆపేసి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. గట్టిగా నవ్వొద్దని కూడా మా అన్నయ్య చెప్పి ఉన్నాడు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో కూడా ఎలుకనే అయ్యాను.

అప్పటికి ఆమె మంచానికి అతుక్కుపోయి నెల దాటింది. ఐదో నెలలో ఒక పొద్దున రక్తం కనిపించింది. గర్భంలో మాయ కిందికి ఉందనీ, కొన్నాళ్లపాటు మంచం దిగొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. అంతకుముందు ఒకసారి గర్భం నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు గాని, అన్నయ్య ముఖంలో అది ఎప్పుడూ ఉండేది.

అన్నయ్యది కళ్లజోళ్ల షాపు. పొద్దున వెళితే రాత్రికి గాని రాడు. అందుకని నేను కంప్యూటరూ, రెండు మానిటర్లూ మోసుకుని వాళ్లింటికి వచ్చేశాను. వదిన గదిలోనే కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను.

మా వదిన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా రోడ్ల మీద తిరిగే మనిషి. అన్నయ్య ఆమె దగ్గరే కారు నేర్చుకుని, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి, చివరికి ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. నేర్చుకునేవాళ్లందరినీ 'మీరు' అనడం ఆమెకు అలవాటు. పెళ్లయ్యాక కూడా అన్నయ్యకు ఆ 'మీరు' నుంచి విముక్తి దొరకలేదు. అలాంటి మనిషి ఇప్పుడు ఎడమ పక్కకు తిరిగి, గోడను చూస్తూ పడుకునేది. నిద్రలో ఉన్నట్టుండి కుడికాలు జాడించేది. ఏమైందని అడిగితే, "ఎవడో సిగ్నల్ చూసుకోకుండా పోనిచ్చాడు. బ్రేకు వేశాను," అనేది.

అన్నయ్య ఏర్పాట్లు అన్నీ ఇన్నీ కావు. హాస్పిటల్లో ఉండేలాంటి మంచం అద్దెకు తెచ్చాడు. పళ్లు తోముకోవడానికి కూడా బేసిన్ మంచం దగ్గరికే రావాలి. ఆమె చెప్పులు తీసి బీరువా మీద పెట్టాడు. గంటగంటకూ ఫోన్ చేసేవాడు.

"పడుకున్నావా?"

"లేదండీ. ఇప్పుడే వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చాను."

అన్నయ్యకు నవ్వు వచ్చేది కాదు. "ఎలుకకివ్వు ఫోను," అనేవాడు. నేను పడుకునే ఉందని సాక్ష్యం చెప్పేదాన్ని.

ఆ రోజుల్లోనే మా గేముల కంపెనీలో టీం లీడ్ నాకు కొత్త పని అప్పగించాడు. ఏది అడిగినా రేపటికల్లా కావాలంటాడు కాబట్టి ఆయనకు మేం పెట్టుకున్న పేరు రేపయ్య. "కొండ కింద పాత ఉప్పుగని కావాలి. ఆడేవాడు దిగాక, ఇక బయటపడలేనేమోనని వణకాలి. కాని దారి ఉండి తీరాలి," అన్నాడు.

మొదలుపెట్టాను. తెల్లటి ఉప్పు స్తంభాలు, ఇరుకు సొరంగాలు, సగం కూలిన మెట్లు, నల్లటి నీటి మడుగు. ఒక్కో గదినీ విడిగా కట్టి కొండ కిందికి తోసేదాన్ని. పైన లోయ లోతుగా ఉన్నచోట నేల గదిలోకి దిగబడేది. పైకప్పులోంచి పచ్చగడ్డి వేలాడుతూ కనిపించేది. అప్పుడు గదినన్నా దించాలి, లోయనన్నా లేపాలి. ఒకటి సర్దితే ఇంకొకటి చెడేది. ముక్కు మూసుకుని పనిచేసుకుంటూ పోతే సాయంత్రానికి నాకే ఊపిరి సలిపేది కాదు.

పూర్తయిన ప్రతి ముక్కనూ వదిన ఆడి చూసేది. కంట్రోలరు చేతికిస్తే చాలు, కళ్లు వెలిగేవి. తిన్నగా దారిన పోదు. ప్రతి గోడకూ భుజం రాసుకుంటూ, ప్రతి మూలనూ గుద్దుకుంటూ తిరిగేది. "కారు నేర్పేటప్పుడు ఇలా గుద్దినవాళ్లను తిట్టి చంపేదాన్ని. ఇప్పుడు నా వంతు," అనేది.

ఏడో నెల పడగానే స్కాన్‌కు తీసుకెళ్లాడు అన్నయ్య. ఆ రోజు డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉందట. మర్నాడు షాపుకు ఫోన్ చేసి చెప్పిందట. ఆ రాత్రి అన్నయ్య వదిన తలగడ సర్దుతూ, "ఇంకా కొన్నాళ్లు ఇలాగే ఉండాలన్నారు," అన్నాడు.

వదిన గోడవైపు తిరిగింది.

అప్పటినుంచి ఆమెలో మార్పు వచ్చింది. గేము ముట్టుకోవడం తగ్గింది. నవ్వులాట తగ్గింది. వీధిలో బళ్ల చప్పుడు వింటూ పడుకునేది. "వాడికి క్లచ్ వదలడం రాదు," అని గొణిగేది. ఒకసారి నా వైపు చూడకుండానే, "ఎలుకా, ఈ గోడ ముందుకు జరిగిందా?" అని అడిగింది. వేళాకోళం అనుకుని తిరిగి చూశాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

నేనే బతిమాలి మళ్లీ ఆడించాను. గనిలోకి దిగే మూడో బావి అప్పుడే పూర్తి చేశాను. మధ్యాహ్నం వేళ, నా పనిలో నేనుండగా వెనక నుంచి మాట వినిపించింది.

"ఎలుకా, నేను పడిపోయాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిగ్గున తిరిగితే ఆమె మంచం మీదే ఉంది. స్క్రీను చూపించింది.

బావికీ నేలకూ మధ్య అతుకులో సన్నని సందు మిగిలిపోయింది. ఆమె అలవాటుగా గోడకు రాసుకుంటూ పోయి ఆ సందులోంచి గని బయటికి జారిపోయింది. మామూలుగా అలా జారినవాళ్లు కిందికి పోయి పోయి, తిరిగి గేము మొదట్లో తేలతారు. కాని కట్టేటప్పుడు నేనే మాటిమాటికీ పడిపోకుండా అడుగున ఒక చదును పలక వేసుకున్నాను. దాన్ని తీసేయడం మర్చిపోయాను. వదిన దానిమీద నిలబడి ఉంది.

అక్కడినుంచి చూస్తే నేను కట్టిన గదులన్నీ శూన్యంలో వేలాడే అట్టపెట్టెల్లా ఉన్నాయి. వాటి పైన నేల లేదు. ఆకాశం ఉంది. చెట్లు మొదళ్లతో గాలిలో నిలబడి ఉన్నాయి. కాపలావాడు ఒకడు అటూ ఇటూ నడుస్తున్నాడు. వాడి అరికాళ్లు కనపడుతున్నాయి.

"నేల ఏది?" అంది వదిన.

"అక్కడే ఉంది. కింద నుంచి కనపడదు. పైనుంచి చూసేవాళ్ల కోసమే దాన్ని గీస్తాం. కింద ఎవరూ ఉండరు కదా."

"వాడికి నేను కనపడతానా?"

"కనపడవు."

"అరిస్తే?"

"వినపడదు వదినా. ఇలా ఇవ్వు, మళ్లీ మొదలుపెడదాం."

"వద్దు." కంట్రోలరును గుండెలకు హత్తుకుంది. "దారి ఉందేమో చూస్తాను."

"లేదు. కట్టినదాన్ని నేనే కదా, నాకు తెలీదా? అది గది కాదు, నా పొరపాటు. అందులోంచి బయటికి దారి ఎవరు పెడతారు?"

ఆమె వినలేదు. ఆ పలక అంచు దాకా నడిచింది. తిరిగి ఇంకో అంచు దాకా నడిచింది. పెట్టెల కింద దూరి చూసింది. ఎగిరి చూసింది. నేను లేచి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె కళ్ల నుంచి నీళ్లు చెవిలోకి కారుతున్నాయని గమనించాను.

"పైన అందరూ తిరుగుతున్నారు," అంది. "నేను వాళ్లను చూస్తున్నాను. అంతే."

నేను ఆమె చెంప తుడిచాను.

"నాకు భయంగా ఉంది ఎలుకా. బిడ్డ గురించి కాదు. ఈ మంచం దిగాక కూడా నేను ఇలాగే ఉండిపోతానేమోనని."

చెయ్యి పట్టుకున్నాను. ఆమె కాలు ముడుచుకోబోయి "అబ్బా" అంది. పొద్దుటి నుంచి పిక్క పీకుతోందట. దుప్పటి తీసి చూశాను. ఎడమ పిక్క కుడిదాని కంటే లావుగా, ఎర్రగా ఉంది. ముట్టుకుంటే కాలుతోంది.

అన్నయ్యకు చేశాను. ఎత్తలేదు. షాపులో ఎవరికో కళ్లు పరీక్షిస్తున్నాడేమో. హాస్పిటల్‌కు చేస్తే డాక్టరమ్మే మాట్లాడింది. వదిన కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"ఇంకా మంచంలోనే ఉందా? ఎందుకు?" అంది డాక్టరమ్మ. "మాయ పైకి జరిగింది, లేచి తిరగమనండి అని స్కాన్ మర్నాడే వాళ్లాయనకు చెప్పానే! ఇన్నాళ్లు కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. వెంటనే తీసుకురండి."

ఫోన్ పెట్టేశాక వదిన చాలాసేపు స్క్రీను వైపే చూసింది. తర్వాత రెండు చేతులతో మంచం పట్టుకుని మెల్లగా లేచి కూర్చుంది.

"నా చెప్పులు దించు," అంది.

హాస్పిటల్లో కాలికి స్కాన్ చేశారు. ఆ కాసేపూ నేను ఎక్కని మెట్టు లేదు, మొక్కని దేవుడు లేడు. గడ్డ లేదన్నారు. చర్మం కిందే ఉండే నరం ఒకటి వాచిందనీ, బిగుతు మేజోళ్లు వేసుకుని రోజూ నడిస్తే తగ్గుతుందనీ చెప్పారు. వదిన తల ఊపుతూ విన్నది.

మేం బయట కుర్చీల్లో కూర్చుని ఉండగా అన్నయ్య ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. ఒంటి మీద షాపు కోటు అలాగే ఉంది.

"ఏమైంది? ఎవరు లేవమన్నారు నిన్ను?"

"డాక్టరుగారు," అంది వదిన. "స్కాన్ మర్నాడే అన్నారట. మీకు ఫోన్ చేసి మరీ."

అన్నయ్య ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"చెబితే నువ్వు ఊరుకుంటావా?" అన్నాడు చివరికి. "తెల్లారేసరికి కారెక్కి కూర్చుంటావు."

"కూర్చుంటే?"

"పోయినసారి కూడా అంతా బాగుందనే అన్నారు. బాగుందన్న వారం తిరక్కుండానే..." ఆయన పక్క కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు కళ్లెదురుగా మంచం మీద ఉంటే నాకు ఊపిరాడేది. అంతే. ఇంకేం లేదు."

"నాకు ఆడలేదండీ," అంది వదిన.

గొంతు పెంచలేదు. అటుగా వెళ్తున్న నర్సు కూడా తిరిగి చూడలేదు.

"ఆ బిడ్డ నా కడుపులోంచి పోయింది. భయం నాకు లేదనుకున్నారా? నా భయం నేను పడతాను. మీ భయం కూడా నేనే పడుకుని మొయ్యాలా?"

అన్నయ్య తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నాకు ఆయన్ని చెడామడా తిట్టాలనిపించింది. అదే క్షణంలో వెళ్లి పక్కన కూర్చోవాలనిపించింది. రెండూ చేయలేదు.

ఇంటికి వచ్చాక వదిన మేడ మీదికి రానంది. అన్నయ్య కుర్చీ తెస్తానన్నాడు. "మీరు వెళ్లండి," అంది. వెళ్లాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని వీధిలో నడిచింది. కాళ్లు వణుకుతున్నాయి. పట్టుమని పది ఇళ్లు దాటకముందే చెమటలు పట్టాయి. మలుపు దగ్గర ఆగిపోయింది.

"పద వదినా, అవతల కూర్చోవడానికి అరుగు ఉంది."

"ఉంది. నాకు తెలుసు. వేలసార్లు తిరిగిన మలుపే." కాసేపు ఆ మూలనే చూసింది. "ఒళ్లు రానంటోంది ఎలుకా. ఇవాళ్టికి ఇంతే."

వెనక్కి వచ్చాం. మెట్లెక్కుతూ ఆమె మళ్లీ ఏడ్చింది. మంచం దిగితే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను అనుకున్నాను. అంత తేలిగ్గా కాలేదు. అద్దె మంచం పంపించేశాక కూడా చాలా రోజులు ఆమె గది గుమ్మం దగ్గర ఆగి, ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు నిలబడేది. అది గుర్తించినప్పుడల్లా తన మీద తనకే ఒళ్లు మండేది.

డాక్టరు ఫోన్లు ఇకమీదట తన నంబరుకే రావాలంది. అన్నయ్య మారుమాట్లాడకుండా మార్పించాడు. కొన్నాళ్లు హాల్లో పడుకున్నాడు. వదిన వద్దనలేదు, రమ్మనలేదు. పొద్దున మేం నడకకు వెళితే ఆయన కాస్త దూరంలో వెనకే వచ్చేవాడు. ఒకనాడు ఆమె వెనక్కి తిరక్కుండానే, "ఆయన్ని షాపుకు వెళ్లమను. నాకు వీపు మీద బరువుగా ఉంది," అంది. మర్నాటి నుంచి రాలేదు.

గనిలో ఆ సందు సంగతి రేపయ్యకు చెప్పాను. కింది నుంచి ఆకాశం కనిపించే దృశ్యం చూసి ఆయన ఎగిరి గంతేశాడు. "భలే ఉంది! ఇది అలాగే ఉంచేద్దాం. జనం చిక్కుకుని గిలగిల్లాడతారు," అన్నాడు. వదినను అడిగాను.

"మూసెయ్," అంది. మరో మాట లేదు.

రేపయ్య గునిశాడు. నేను వినలేదు. అడుగు పలక తీసేసి, సందు మీదికి రెండు పెద్ద బండలు జరిపాను. ఆ పూటంతా ప్రతి అతుకు దగ్గరా నేనే గోడలకు రాసుకుంటూ తిరిగి చూశాను.

నెలలు నిండాక పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. అన్నయ్య గదిలోకి వచ్చి మంచానికి దూరంగా నిలబడ్డాడు. నర్సు పాపను అందించబోతే చేతులు వెనక్కి లాక్కున్నాడు. జారిపోతుందేమోనని భయమన్నాడు.

ఇదివరకైతే వదిన ఆటపట్టించి ఉండేది. ఇప్పుడు కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. పాపను తన పక్కనే పడుకోబెట్టుకుంది.

"మీకు ఎప్పుడు ధైర్యం వస్తే అప్పుడే ఎత్తుకోండి," అంది.

సాయంత్రం నేను కాఫీలు పట్టుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుని ఉన్నాడు. చేతుల్లో పాప నిద్రపోతోంది. వదిన కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది.