శివకుమారి సంతకం

డాక్టరమ్మ పది నిమిషాలు మాట్లాడింది. మహాదేవమ్మ ఆ మాటలన్నింటినీ కోడలికి రెండు సైగల్లో చెప్పేసింది. పొట్ట మీద పిడికిలి పెట్టి, గడ్డ ఉందంది. ఆ గడ్డను తీసి పారేస్తారన్నట్టు చెయ్యి విసిరింది. అంతే, అయిపోయింది.

శివకుమారికి చెవులు వినపడవు గానీ కళ్లు కనపడతాయి కదా! గోడ మీద గడియారం ఆమె చూస్తూనే ఉంది. మిగతా తొమ్మిది నిమిషాల మాట ఏ గంగలో కలిసింది? డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది, రెండు వేళ్లు చూపించింది, మధ్యలో ఒకసారి "పిల్లలు" అంది. ఆ ఒక్క మాటను శివకుమారి ఆమె పెదవుల మీద పట్టుకుంది. పిల్లల మాట ఎందుకొచ్చిందని అడిగితే అత్త "ఏం లేదు, ఏం లేదు" అని గాల్లో చెయ్యి ఆడించింది. ఈ "ఏం లేదు"తోనే శివకుమారి పదకొండేళ్లుగా కాపురం చేస్తోంది.

కోడుమూరులో వాళ్లది మగ్గం ఇల్లు. శివకుమారికీ, మొగుడు హనుమేష్‌కీ ఇద్దరికీ పుట్టు చెవుడే. బధిరుల హాస్టల్లో చదువుకుంటూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఇంట్లో వినేది మహాదేవమ్మ ఒక్కతే. కరెంటు పోయిన సంగతి నుంచి చుట్టాల పెళ్లి కబురు దాకా లోకమంతా ఆమె చెవుల్లో దూరి చేతుల్లోంచి బయటికి రావాలి. ఆమెవి బడిలో నేర్పే సైగలు కావు, కొడుకును పెంచుతూ ఇంట్లో పుట్టించుకున్న సైగలు. అన్నానికీ నూలుకూ చీరకూ అవి సరిపోతాయి, గర్భసంచికి సరిపోవు. మనిషి మంచిదే, పాపం. కోడలికి ఏ కష్టమొచ్చినా తానే అడ్డం నిలబడుతుంది. అలా అడ్డం నిలబడితే వెనకున్న వాళ్లకు ముందేముందో కనపడదు, చిక్కల్లా అదే.

ఆ ఇంట్లో పిలవడమంటే కాలితో నేలను తట్టడం. గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చున్న మనిషికి మట్టినేల అదురు ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి తడితే ఇటు చూడమని, రెండుసార్లు తడితే అన్నానికి రమ్మని. మహాదేవమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

శివకుమారికి ముప్పై రెండేళ్లు. రెండు కడుపులు నిలవలేదు. మూడోది నిలుస్తుందని మొగుడూ పెళ్లాలకు గట్టి ఆశ. చెవిటివాళ్లలో ప్రతి మనిషికీ ఒక పేరు సైగ ఉంటుంది. పుట్టని పిల్లకు ఆ సైగ ఏం పెట్టాలా అని ఇద్దరూ మగ్గం దగ్గరే వాదులాడుకునేవాళ్లు. బుగ్గ మీద వేలు గుచ్చి సొట్టబుగ్గ అనేవాడు హనుమేష్. ఎవరి పోలికలొస్తాయో చూడకుండానే సొట్టేమిటని ఈమె నవ్వేది.

అందుకే ఆ "పిల్లలు" అన్న మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. కర్నూలులో ఆ ఆసుపత్రి కౌంటర్ దగ్గర కాగితం మీద రాసి చూపించింది: "సైగలు తెలిసిన మనిషి కావాలి." కౌంటర్‌లో ఉండే జయకుమార్ చదివి, "మీ అత్త ఉండాది గదమ్మా, ఇంకెవురు కావాల?" అని గట్టిగా అరిచాడు. అరిస్తే వినపడుతుందనుకున్నాడో ఏమో, మహానుభావుడు!

హాస్టల్ నాటి స్నేహితురాలు అరుణజ్యోతి కడపలో బధిరుల బడిలో పంతులమ్మ. ఆమె వింటుంది. తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్లు, ఆ హాస్టల్లోనే పనిచేసేవాళ్లు కాబట్టి మాటకంటే ముందు సైగే నేర్చింది. సెలవు పెట్టి, తెల్లారకముందే బస్సెక్కి కర్నూలుకు వచ్చింది. తీరా వస్తే ఆ రోజు డాక్టరమ్మ లేదు, వచ్చే వారం నేరుగా ఆపరేషన్‌కే రమ్మన్నారు. వచ్చే వారం అరుణజ్యోతికి సెలవు దొరకలేదు. ఫోన్లో వీడియో పెట్టు, నేనుంటానంది.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లు రాకూడదు, ఫోన్లు తేకూడదు. ఫోనూ హనుమేషూ అద్దాల తలుపు అవతలే ఉండిపోయారు. శివకుమారికి పచ్చగౌను తొడిగి, చేతికో కాగితం, పెన్నూ ఇచ్చారు. కాగితమంతా ఇంగ్లీషు. సంతకం పెట్టమని అత్త సైగ చేసింది. శివకుమారి తల అడ్డంగా ఊపి పెన్ను దిండు కింద పెట్టేసింది.

"పెట్టమ్మా తల్లీ, డాక్టరమ్మకు ఇంకా నాలుగు ఆపరేషన్లుండాయి" అని నర్సు బతిమాలింది.

డాక్టరమ్మ వచ్చింది. మళ్లీ మహాదేవమ్మతోనే మాట. మంచం మీద కూర్చున్నది మనిషి కాదు, మూట అన్నట్టు. శివకుమారి చెయ్యి ఊపింది, ఎవరూ చూడలేదు. మంచం దిగి, ఇంట్లో పిలిచినట్టే కాలితో నేలను ఒక్క తట్టు తట్టింది. బేతంచెర్ల బండలు పరిచిన నేల, ఆమె అరికాలికి ఇసుమంత అదురు కూడా తెలియలేదు. వార్డులో ఉన్నవాళ్లు మాత్రం అందరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు.

"అబ్బో! ఏం పొగరమ్మా ఈమెకు, డాక్టరమ్మ ముందర కాలు తంతాంది!" అంది నర్సు.

మహాదేవమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. "పొగరు గాదు తల్లీ, మా ఇంట్లో పిలిచేది అట్లే."

"ఎవరిని పిలుస్తోంది?" అంది డాక్టరమ్మ.

"నిన్నేనమ్మా."

డాక్టరమ్మ అప్పుడు చూసింది శివకుమారి మొహంలోకి. మూడు నెలలుగా వస్తుంటే అదే మొదటిసారి. శివకుమారి కాగితం వెనక్కి తిప్పి రాసింది: "అత్తకు కాదు. నాకు చెప్పు. అరుణజ్యోతికి సైగలు వచ్చు. ఫోన్ బయట మా ఆయన దగ్గర. తర్వాత సంతకం."

డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. ఆ రాత మళ్లీ చదివింది. "బయట ఆయన దగ్గర ఫోనుందట, తీసుకురా" అని నర్సుకు చెప్పింది.

డాక్టరమ్మ చెబుతుంటే ఫోన్లో అరుణజ్యోతి చేతులు కదిలాయి. గడ్డ ఉన్నది గర్భసంచిలో. దారులు రెండు. గడ్డ మాత్రం తీస్తే సంచి ఉంటుంది, పిల్లలు పుట్టొచ్చు, కానీ గడ్డ మళ్లీ రావచ్చు. సంచే తీసేస్తే ఇక ఆ బాధ ఉండదు, పిల్లలూ ఉండరు.

"పోయిన నెలే చెప్పానమ్మా ఇదంతా. మొత్తం తీసేయమని మీవాళ్లే అన్నారు" అంది డాక్టరమ్మ.

అరుణజ్యోతి చేతులు ఆ మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాయి.

శివకుమారి అత్త వైపు తిరిగింది. మహాదేవమ్మ స్టూలు మీద కూలబడింది. "నెలనెలా రగతం పోయి నా కండ్ల ముందరే ఎండిపోతాంటే యాడ చూస్తా కూచోను? బిడ్డ పానం ఉంటే చాలనుకుంటి."

"అడిగింటే నేనూ అదే అనేదాన్నేమో అత్తా. అడగకపోతివే" అని శివకుమారి చేతులు అన్నాయి. అరుణజ్యోతి ఆ మాటను గొంతుతో పలికింది.

గడ్డ మాత్రమే తీయమని శివకుమారి తేల్చి చెప్పింది. రక్తం ఆగకపోతే సంచి తీయక తప్పదని, ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోనని డాక్టరమ్మ అంది. అందుకు శివకుమారి ఒప్పుకుంది. డాక్టరమ్మ పాత కాగితం కొట్టేసి కొత్తది రాసింది, దానిలో ప్రతి ముక్కా అరుణజ్యోతి చెప్పింది. శివకుమారి గుండ్రటి తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టి, అద్దాల తలుపు దగ్గరికి వెళ్లి హనుమేష్‌కు సంగతంతా సైగల్లో చెప్పింది. అతను అవతలి నుంచి బుగ్గ మీద వేలు గుచ్చుకున్నాడు. ఈసారి ఆమె కాదనలేదు.

తిరిగి వచ్చేసరికి మహాదేవమ్మ డాక్టరమ్మతో ఏదో మాట్లాడుతోంది. మంచం మీది ఫోన్లో అరుణజ్యోతి చేతులు ఆ మాటలనూ చెబుతున్నాయి.

"నాదొక మాటమ్మా. నాకు ఇరవై ఎనిమిదేండ్లప్పుడు గడ్డని చెప్పి ఆపరేషన్ జేసిరి. మా ఆయనా, మా అత్తా మాట్లాడుకునిరి. నేను ఏలిముద్ర ఏస్తి. హనుమేష్ తర్వాత మళ్లా నాకు కాన్పు కాల్యా. నాకు తీసింది గడ్డేనా?"

"నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా?"

"ఆపొద్దే. మళ్లా రాల్యా."

డాక్టరమ్మ గొంతు తగ్గింది. "సంచి తీసేసి ఉంటారమ్మా."

"నాకు చెవులు బాగనే వినపడతాండె గదమ్మా" అంది మహాదేవమ్మ. "అయినా ఎవురూ చెప్పల్యా."

శివకుమారి అత్త దగ్గరికి వచ్చి కాలితో నేలను ఒకసారి తట్టింది. మహాదేవమ్మ తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. కోడలు చూస్తోందని గబగబా కొంగుతో తుడుచుకుని, "ఏం లేదు, ఏం లేదు" అని చెయ్యి ఆడించబోయింది.

ఆ చేతిని శివకుమారి గాల్లోనే పట్టుకుంది. స్ట్రెచర్ వచ్చేదాకా వదల్లేదు.