వరద లెక్క

ఆదివారం పొద్దున ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా డైరెక్టరు ఫోను చేశారు. "అమ్మా, రేపే మీటింగు. మన వరద లెక్క ఒక్కోసారి ఒక్కో జవాబు చెబుతోంది. కాస్త వచ్చి చూద్దురూ."

మన లెక్క! నది పొంగితే ఏ వీధి ఎంత మునుగుతుందో చెప్పే ఆ ప్రోగ్రాముని ఫంక్షనల్ రకం కంప్యూటరు భాషలో రాస్తానన్నప్పుడు, "అవి కాలేజీ పిల్లల ఆటబొమ్మలండీ, నత్తనడక" అని నవ్వింది ఈయనే. ఆ భాషలో ఒకసారి రాసిన విలువని చెరపడం ఉండదు, కావాలంటే కొత్తది పుడుతుంది. అందుకే వేల ప్రాసెసర్లు కలిసి పనిచేసినా ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. ఇంకో సుగుణం, అడిగేదాకా ఏ లెక్కా మొదలుపెట్టదు, అడిగితే మాత్రం చేసి తీరుతుంది. మా ఆయన ఇందులో మొదటి సగమే నేర్చుకున్నాడు.

పాత ప్రోగ్రాముతో సమానంగా పరుగెత్తించడానికి ఏడాది పట్టింది. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు, "కుర్చీలో కూర్చునే పనేగా, ఒళ్ళు అలిసిపోవడానికేముంది?" అనేది. తీరా మీటింగులో పదిమందికీ చెప్పుకునే రోజొచ్చేసరికి, "మీకు ఇల్లూ పిల్లలూ, ఎందుకండీ శ్రమ" అని డైరెక్టరు ఆ పని నా పక్క సీటాయనకి అప్పజెప్పారు.

"వంట చేసేసి వెళ్ళు," అన్నాడు మా ఆయన పేపరు తిప్పుతూ. చేసేసే వెళ్ళాను.

ఆఫీసుకెళ్ళి చూస్తే, పక్క సీటాయన ఇంకాస్త వేగం కోసమని మధ్యలో దొడ్డిదారిన, అందరూ చెరిపి రాసుకునే ఓ ఉమ్మడి మొత్తం పెట్టాడు. ప్రాసెసర్లన్నీ దాని మీద పడి, ఒకటి రాసింది ఇంకొకటి చెరిపేస్తున్నాయి. మునిగే వీధులు ఒకసారి పొడిగా, ఒకసారి పీకలదాకా.

"ఆ నాలుగు లైన్లూ తీసేసి ఇచ్చెయ్యండి మేడమ్, రేపు అడిగితే ఏం చెప్పాలో కూడా రాసిచ్చారంటే నేను చూసుకుంటా," అన్నాడు పక్క సీటాయన.

లైన్లు తీసేశాను. ఆ వీధుల్లో మనుషులుంటారు మరి. మళ్ళీ మళ్ళీ నడిపించాను, ప్రతిసారీ అదే జవాబు. రాసివ్వడం మాత్రం చెయ్యలేదు. లేచి డైరెక్టరు గదికి వెళ్ళాను.

"లెక్క కుదిరింది సార్. రేపు నేనే చెబుతాను."

ఆయన కళ్ళజోడు తీశారు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండాలమ్మా. మరి పిల్లలో?"

"వాళ్ళకి నాన్న ఉన్నాడు సార్. ఆ సంగతి ఆయనకింకా తెలీదు, ఇప్పుడే ఫోను చేసి చెబుతాను."