పల్లంరాజు వెతికిన ఫిడేలు మాస్టారు

రెండు వేల ఆరు వరద వెళ్ళిన మూడో ఏడు, మాఘమాసం, శనివారం. కొవ్వూరు రేవు గట్టున పల్లంరాజు ఐసు దిమ్మ మీద ఊక దులిపి, చెక్కసుత్తితో రెండుసార్లు తట్టాడు. మొదటి దెబ్బకి గట్టిగా పలికింది. రెండో దెబ్బకి డొల్లగా పలికింది. ఆ దిమ్మని పక్కకి తోసేశాడు. లోపల గాలి ఉన్న దిమ్మ లారీ ఎక్కకుండానే నీరైపోతుంది. కళ్ళకి తెలియనిది చెవికి తెలుస్తుంది.

ముప్పై ఏళ్ళుగా ఇదే పని, చేపల ట్రేలకి ఐసు కొట్టడం. పొట్టి మనిషి. సుత్తి ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికన్నా కిందకి జారింది. వేళ్ళ కణుపులు ఉబ్బి పిడికిలి పూర్తిగా మూసుకోదు. గోళ్ళు తెల్లగా నాని ఉంటాయి. నిప్పు ముట్టుకున్నా ఆ వేళ్ళకి కాసేపటికి గానీ తెలియదు. మాట తక్కువ. బేరగాళ్ళు అతన్ని మూగోడంటారు.

ఆ సాయంత్రం మాత్రం మాట్లాడాలి. అందుకు రెండేళ్ళు ఆగాడు. మనవరాలు రమ్యశ్రీ ఇవాళ ఫిడేలు మీద వర్ణం పూర్తి చేస్తుంది. అది పూర్తవగానే ఆ మాస్టారి మొహాన అనేయాల్సింది అనేస్తాడు. తర్వాత ఆయన పాఠం చెప్పడు. అదీ తెలుసు. తెలిసే వర్ణం దాకా ఆగాడు.

సంగతి వరద తీసిన దసరాది. పల్లంరాజు తమ్ముడు ముసలయ్య భజనల్లో ఫిడేలు వాయించేవాడు. అతను పోయాక ఆ ఫిడేలు రమ్యశ్రీ చేతికి వచ్చింది. పిల్ల తల్లీ తండ్రీ కాకినాడ హార్బర్లో పని చేస్తారు. చదువు కోసం తాత దగ్గర ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల రేడియోలో విన్నది తీగ మీద వెతుక్కునేది. రాజమండ్రిలో నరసింహమూర్తి మాస్టారిని మించినవాడు లేడని అందరూ చెప్పారు. పిల్లకి సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్ళు పోసి, కొత్త గౌను వేసి, అత్తం అరటిపళ్ళు పట్టుకుని వంతెన దాటాడు. మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టి, ఏం పని చేస్తారని అడిగాడు. చేపల పనని పల్లంరాజు చెప్పాడు.

"ఆ చేతులకి వాసన పోదయ్యా. తీగ పాడైపోతుంది. మీ విద్య మీకుంది కదా!"

గేటు దాటకుండానే వెనక అరుగు మీద బిందెడు నీళ్ళు పడిన చప్పుడైంది.

"తాతా, వానొచ్చిందా?" అంది పిల్ల.

అరటిపళ్ళు వంతెన మీంచి గోదాట్లోకి విసిరేశాడు.

తర్వాత బస్టాండు పక్కన నెట్ సెంటర్ పెట్టిన దుర్గాసాయి చెప్పాడు, ఇప్పుడు మాస్టార్లు కంప్యూటర్లోనే దొరుకుతున్నారని. "ఏ దేశంలో ఉన్నోడైనా సరే తాతా, నీ మనవరాలి ముందు కూర్చుంటాడు."

"మంచోణ్ణి చూడు," అన్నాడు పల్లంరాజు.

మంచివాడు దొరకడం తేలిక కాలేదు. మద్రాసాయన అంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. పిల్ల అర్థం కాక తల ఊపితే, అర్థమైందనుకుని ముందుకు పోయాడు. ఒకావిడ చక్కగా వాయించేది గానీ పిల్ల వాయిస్తుంటే తన ఫోను చూసుకునేది. హైదరాబాదు కుర్రాడు మణిశంకర్, పిల్ల కమాను ఎత్తడమే ఆలస్యం, "సూపర్ పాపా!" అనేవాడు. మూడో వారానికే పల్లంరాజు లేచాడు.

"డొల్ల," అన్నాడు.

నాలుగో మాస్టారి పేరు తెర మీద ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలే; గొంతు స్పీకర్లో గరగరలాడేది; మొహం కనపడేది కాదు. ఒక చెయ్యి, ఒక కమాను, అంతే. నెల్రోజులూ ఒక్క 'స' వాయించమన్నాడు. 'మళ్ళీ,' అనేవాడు. మళ్ళీ.

"ఏంటి తాతా ఈయన! ఒక్క అక్షరానికి నెలా? మార్చేద్దామా?" అన్నాడు దుర్గాసాయి.

"ఉంచు."

అయిదో వారం ఆ చేతిలోంచి ఏదో కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. మొహం తెర నిండా వచ్చింది. నరసింహమూర్తి.

పల్లంరాజు తన స్టూలు కెమెరాకి అందకుండా వెనక్కి లాక్కున్నాడు. నోట్లో ఊరిన ఉమ్మి మింగేశాడు. ఫారంలో పేరు దగ్గర రమ్య అనీ, ఊరు దగ్గర పిల్ల తల్లిదండ్రులది కాకినాడ అనీ దుర్గాసాయి ఎప్పుడో రాసేశాడు. అలాగే ఉండనిచ్చాడు. ఆ మాస్టారి దగ్గర ఉన్నదంతా పిల్ల పిండుకోనీ, అప్పుడు చెబుతా ఎవరికి పాఠం చెప్పాడో, అనుకున్నాడు. ఆ రోజు నుంచీ ప్రతి శనివారం తెర పక్కన కూర్చుని, ఆ గొంతు వింటూ, పళ్ళు బిగబట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం అయిదింటికి స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పిల్లని తీసుకుని వెళ్ళాడు. రమ్యశ్రీ బల్ల మీద మఠం వేసుకుని, ఫిడేలు తల కుడిపాదం మీద ఆనించి కూర్చుంది. కెమెరాకి నడుము దాకానే కనపడుతుంది. వర్ణం మొదలుపెట్టింది. ఒక చోట ఫిడేలు కాస్త జారింది. పట్టుకుంది. చివరిదాకా వెళ్ళింది.

తెర మీద చెయ్యి కమానుని పక్కన పెట్టింది.

"ఊఁ. మునగకుండా ఒడ్డుకొచ్చావు," అన్నాడు మాస్టారు. ఆయన మెచ్చుకోలు అంతే. పిల్ల మొహం వెలిగిపోయింది.

పల్లంరాజు స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"నన్ను గుర్తుపట్టావా?"

గౌరవం లేని ఆ పిలుపు కోసం రెండేళ్ళు ఆగాడు. దుర్గాసాయి ఉలిక్కిపడ్డాడు. మాస్టారు కెమెరా సర్దుకున్నాడు. మొహం వచ్చింది. బాగా ముసలాడైపోయాడు.

"ఎవరండీ మీరు?"

"వరద తీసిన దసరాకి నీ అరుగు మీద కూర్చున్నాం. నేనూ, ఈ పిల్లా. చేపలోళ్ళం. గేటు దాటకుండానే నీళ్ళు పోయించావు."

మాట అటు చేరడానికి కొంచెం సేపు పట్టింది.

"ఈ అమ్మాయేనా?"

"ఈ పిల్లే. నీ తీగ పాడయ్యిందేమో చూస్కో."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "అలా చాలామందిని పంపేశానయ్యా. నువ్వు నాకు గుర్తు లేవు."

సిగ్గుపడతాడనుకున్నాడు. అరుస్తాడనుకున్నాడు. రెంటికీ జవాబులు దాచుకున్నాడు. గుర్తు లేదంటాడనుకోలేదు.

"అయితే కొవ్వూరేనా మీది? వంతెన అవతలేనా?" మాస్టారి గొంతు లేచింది. "ఏడాది నుంచీ మొత్తుకుంటున్నాను, పాదం మీద వయొలిన్ సరిగ్గా ఆనడం లేదు, జారుతోందని. ఇందులో కనపడి చావదు. రేపు పొద్దున్న ఏడింటికి తీసుకురా. నా కళ్ళతో చూడాలి."

"తప్పైందని అనవా?"

"అంటే ఆ పోసిన నీళ్ళు వెనక్కొస్తాయా? పిల్లని తీసుకురా."

"నీ అరుగు నా పిల్ల తొక్కదు!"

పల్లంరాజు వంగి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. మొత్తం అయిదు కంప్యూటర్లూ ఆరిపోయాయి. మూలన పరీక్ష ఫారం నింపుతున్న ఒకడు లబోదిబోమన్నాడు.

"అన్నీ ఆ ఒక్క తీగ మీదే ఉన్నాయి తాతా!" అని దుర్గాసాయి తల పట్టుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే రమ్యశ్రీ రెండడుగులు వెనకే వచ్చింది.

"నువ్వు అనాల్సింది అనేశావు కదా తాతా. మరి నా పాదం సంగతో?"

పల్లంరాజు అడుగు పెంచాడు. ఇంటికొచ్చి, ఫిడేలు పెట్టె తీసుకెళ్ళి దూలానికున్న ఇనప కొక్కేనికి, పిల్ల చేతికి అందనంత ఎత్తున తగిలించేశాడు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి పిల్ల చాప చుట్టి ఉంది. జడ దువ్వుకున్న దువ్వెన గూట్లో తడిగా ఉంది. దూలం కొక్కెం ఖాళీగా ఉంది. దాని కింద మూడు చేపల ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

గట్టు మీదకి వచ్చి చూశాడు. మొదటి బస్సు వంతెన మీద సగం దాటింది. సైకిలు గోడకే ఉంది. దాని వైపు వెళ్ళలేదు.

"నేను మాత్రం చచ్చేదాకా మన్నించను," అని వంతెన వైపు తిరిగి పైకే అన్నాడు.

వెళ్ళి ఊక దులిపాడు. సుత్తి ఎత్తాడు. ఏడు దాటింది. ఎనిమిదింటికి బేరగాడు అప్పాజీ వచ్చాడు.

"ట్రేలు చాల్లేదు పల్లంరాజూ. నీ ఇంట్లో మూడుండాలిగా?"

"ఖాళీ లేవు," అన్నాడు పల్లంరాజు.

ఇంట్లో ఆ మూడు ట్రేలూ దూలం కింద అలాగే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.